పురుగు గురించి మాత్రమే

ఒగివారా మిజుయె టీచరుకి పిల్లలు పెట్టిన పేరు ఎర్ర పెన్సిలు. వసారాలో ఆవిడ అడుగుల చప్పుడు వినబడగానే ఎవడో ఒకడు "ఎర్ర పెన్సిలు వస్తోందిరోయ్!" అనేవాడు. మూడో తరగతి ఇరవైనలుగురూ మూతులు బిగించుకుని కూర్చునేవారు. షిన్షూ కొండల మధ్య ఉన్న ఆ చిన్న ఊరి బడిలో ఇది రోజూ జరిగేదే. ఆ పేరు ఆవిడకీ తెలుసు. తెలిసి కోప్పడలేదు సరికదా, లోలోపల కాస్త గర్వపడేది కూడా.

ఆవిడ పుట్టింది పట్టుపురుగుల ఇంట్లో. అటక మీద పురుగులు, కింద మనుషులు. వసంతంలో చలి తిరగబెడితే నిప్పుల కుంపటి అటక మీదికి వెళ్ళేది, పిల్లల్ని మాత్రం ఇంకో దుప్పటి కప్పుకోమనేవారు. ఆ లోయలో పట్టుపురుగుని ముసలివాళ్ళెవరూ 'అది' అనరు, 'పురుగుగారు' అంటారు. పురుగుగారు లేచారు, పురుగుగారు భోంచేస్తున్నారు, పురుగుగారికి గాలి తగలనివ్వండి. ఐదుగురు పిల్లల్లో ఆఖరిదైన మిజుయె కంటే ఆ ఇంట్లో వాటికే మర్యాద ఎక్కువ. అయినా ఆవిడకి వాటి మీద పిచ్చి ప్రేమ. వానాకాలం రాత్రుల్లో అవి ఆకు నమిలే చప్పుడు వింటూ నిద్రపోయిన మనిషి.

టీచరు శిక్షణకి పట్నం వెళ్ళినప్పుడు, పందొమ్మిదేళ్ళ వయసులో, పరిశీలన కాగితం మీద "నాలుగో నిద్ర లేచిన పురుగు సంతోషంగా ఉంది" అని రాసింది. పురుగు పాత చర్మం విడిచేముందు కదలకుండా ఉండిపోవడాన్ని అక్కడ నిద్ర అంటారు. ప్రొఫెసరు ఆ వాక్యాన్ని తరగతి మొత్తానికీ చదివి వినిపించాడు. "ఒగివారాగారి చెవిలో పురుగే చెప్పిందేమోనండీ!" అన్నాడు. అందరూ విరగబడి నవ్వారు. ఆ నవ్వు ఇరవై రెండేళ్ళు ఆవిడ చెవుల్లోనే ఉండిపోయింది. నలుగురిలో ఒకసారి తల వంచుకున్న వాళ్ళు, ఆ తర్వాత ఎవరి చేతా తల వంచించకుండా ఉంటారని అనుకుంటాం. చాలామంది అలా ఉండరు.

ఆవిడ పాఠం మొదలుపెట్టేదే నల్లబల్ల మీద మూడు ముక్కలు రాసి. చూసింది రాయి. అనుకున్నది రాయకు. పురుగు గురించి మాత్రమే రాయి. పిల్లలు వీటిని ఎక్కాల్లా వల్లెవేసేవారు. ఏటా శరదృతువులో జిల్లాలోని బడులన్నీ కలిసి పెట్టే ప్రదర్శనలో ఆవిడ తరగతి పిల్లల పరిశీలన కార్డులకి ఏదో ఒక బహుమతి రాకుండా ఉండేది కాదు.

"నీ పిల్లలు పురుగుల్ని చూస్తారు, నువ్వు పిల్లల కార్డులు చూస్తావు. మరి పిల్లల్ని ఎవరు చూస్తారమ్మా మిజుయె?" అని పక్క తరగతి పెద్దాయన ఒకసారి టీ తాగుతూ వేళాకోళమాడాడు.

"కార్డు చూస్తే పిల్ల కనబడుతుందండీ," అంది మిజుయె.

అది 1961. జూన్ పద్నాలుగున పిల్లలకి తలా ఒక పురుగుని పంచింది. రెండో నిద్ర లేచి, ఇంకా వేలిగోరంతే ఉన్నాయి. మిఠాయి డబ్బాల్లో పెట్టి ఇంటికి తీసుకెళ్ళాలి. బడి వెనక కంచె దగ్గరి మల్బరీ చెట్ల ఆకు కోసుకోవాలి. వానాకాలం కాబట్టి తడి తుడిచి పెట్టాలి. పొగ తగలనివ్వకూడదు. రోజుకో కార్డు రాయాలి. తేదీ, ఆకాశం, వేడి ఎంత, పురుగు పొడవు, బొమ్మ, బొమ్మ కింద ఐదారు వాక్యాలు.

హిరాబయాషి సుజునో మూడో వరసలో కిటికీ పక్కన కూర్చునే పిల్ల. చెవుల దాకా కత్తిరించిన జుట్టు, ఎప్పుడూ చేతికి అంటుకున్న పెన్సిలు నలుపు. తండ్రి తకెజో ఇళ్ళల్లో నేలకి పరిచే తతామి చాపలు కుడతాడు. ఇంటి ముందు గదే దుకాణం. తల్లి నవొయె. మే నెలలో మిజుయె పిల్లల ఇళ్ళు చూడ్డానికి వెళ్ళినప్పుడు నవొయె టీ ఇచ్చింది, ముల్లంగి ఊరగాయ పెట్టింది, మోకాళ్ళ మీద నిటారుగా కూర్చుని మాట్లాడింది. లేచేటప్పుడు గుమ్మం పట్టుకుంది. "కడుపులో కాస్త నలతగా ఉంటోందండి, అంతే," అన్నాడు తకెజో. మిజుయె అంతే అనుకుంది. పురుగు తల పైకెత్తిన తీరు చూసి రేపు నిద్రకి కూర్చుంటుందని చెప్పగల మనిషికి, ఆ గుమ్మం పట్టుకున్న చెయ్యి కనబడలేదు. దీపం కింద చీకటంటే ఇదే.

డాక్టరు తకెజోని పక్కకి పిలిచి ఇక ఆశ లేదని ఆఖరు మాట చెప్పి అప్పటికి నెలయింది. ఆ రోజుల్లో అలాంటి జబ్బు సంగతి రోగికి చెప్పేవారు కాదు. పిల్లకీ చెప్పలేదు, బడికీ చెప్పలేదు. తకెజో దాన్ని మింగేసి, పొద్దస్తమానం దుకాణంలో కూర్చుని చాపలు కుట్టాడు.

పద్నాలుగున రాసిన సుజునో మొదటి కార్డు పదిహేనో తారీఖున వచ్చింది. పురుగు బొమ్మ బాగానే ఉంది. బొమ్మ కింద వాక్యాల్లో పురుగు కంటే తల్లే ఎక్కువ ఉంది. అమ్మ ఈరోజు లేచి కూర్చుంది, ఆకు తుడిచింది, కత్తితో సన్నగా కోసింది, పేరు పెట్టమంటే పొట్టోడు అని పెట్టింది. మిజుయె ఎర్ర పెన్సిలుతో ఆ నాలుగు వాక్యాలూ కొట్టేసి, పక్కన "పేర్లు పెట్టకు. కొలత ఏది?" అని రాసింది.

మర్నాడు కొలత వచ్చింది. దాంతో పాటు తల్లి కూడా వచ్చింది. ఆ మర్నాడూ అంతే. ఐదో రోజున పిల్లని బల్ల దగ్గరికి పిలిచింది.

"సుజునో, నీకు పురుగునిచ్చానా, అమ్మనిచ్చానా?"

తరగతి కిసుక్కుమంది. సుజునో కూడా నవ్వబోయి ఆగింది.

"పురుగుని, టీచర్."

"మరి ఇందులో అమ్మ దేనికి?"

"అమ్మే కదా టీచర్ ఆకు కోసింది. నేను చూశాను. చూసింది రాయమన్నారు కదా?"

"ఆకు ఎవరు కోశారో పురుగుకి అక్కర్లేదు. ఎంత కోశారు, ఎంత తిన్నది, ఎంత మిగిలింది. అది చూడు. చూసేటప్పుడు ఇంకెటూ చూడకు. చుట్టుపక్కలవన్నీ చూస్తే పురుగు ఎప్పుడు కనబడుతుంది చెప్పు?"

"మరి అమ్మ మాట్లాడుతుంటే?"

"పురుగుని చూసేటప్పుడు కాస్సేపు మాట్లాడొద్దని అమ్మకి చెప్పు. టీచరు చెప్పమందని చెప్పు."

ఆ పిల్ల ఇంటికెళ్ళి ఆ మాట చెప్పే ఉంటుంది. చెప్పినదాన్ని తు.చ. తప్పకుండా చేసే పిల్ల అది.

తొమ్మిది కార్డులయ్యేసరికి మిజుయెకి విసుగొచ్చింది. ఆ తొమ్మిదింటినీ పురుగు వరకే ఉంచి మళ్ళీ రాసుకురమ్మంది. సుజునో ఆదివారమంతా కూర్చుని గుండ్రటి అక్షరాలతో రాసుకొచ్చింది. ఎర్రగీతలున్న పాత కార్డుల్ని మిజుయె చెత్తబుట్టలో వేసింది. ఆ వారం బుట్టని బడి వెనక పొయ్యి దగ్గరికి మోసుకెళ్ళి కాగితాలు కాల్చే వంతు కిటికీ వరసది. ఆ బుట్టకి ఒక చెవి సుజునో పట్టుకుంది. తల్లి ఉన్న తొమ్మిది కాగితాలనీ ఆ పిల్లే తన చేత్తో నిప్పుల్లో వేసింది.

అక్కణ్ణుంచి సుజునో కార్డులు చూస్తే ముచ్చటేసేది. "ఆకు అంచుని పై నుంచి కిందికి కొరికింది. మళ్ళీ తల పైకి తెచ్చింది. ఇలా పదిహేడు సార్లు." తొమ్మిదేళ్ళ పిల్ల పదిహేడు సార్లు లెక్కపెట్టింది! మిజుయె ఆ కార్డుని మిగతా టీచర్లకి చూపించి, "ముందు ఎలా రాసేదో తెలుసా? చెప్పగా చెప్పగా దారికొచ్చింది," అని మురిసిపోయింది.

జూలై ఐదున సుజునో బడికి రాలేదు. మధ్యాహ్నానికి కబురొచ్చింది. ఆ తెల్లవారుజామునే నవొయె పోయింది.

మిజుయె నల్లబట్టలు కట్టుకుని వెళ్ళింది. కుట్టని చాపలన్నీ గోడకి చేరేసి ముందు గది ఖాళీ చేశారు. తకెజో వచ్చినవాళ్ళందరికీ నేలకి తల ఆనించి దణ్ణాలు పెడుతున్నాడు. ఊదొత్తి వెలిగించి లేస్తుంటే సుజునో వచ్చి కొంగు లాగినట్టు చెయ్యి పట్టుకుంది.

"టీచర్, పొగ తగలకూడదని పురుగుని వంటింట్లో పెట్టేశాను. నిన్నటిదీ ఇవ్వాళ్టిదీ కార్డులు ఇచ్చెయ్యనా? రేపు కూడా రానివ్వరట."

మిజుయె రెండు కార్డులూ తీసుకుని సంచిలో పెట్టుకుంది. పిల్ల తల నిమిరింది.

బడికి తిరిగొచ్చి, దీపాలు పెట్టేవేళ తన బల్ల ముందు కూర్చుంది. ఏం చెయ్యాలో తోచక, చేతికి అలవాటైన పని చేసింది. కార్డులు తీసి, రెండోది చదివింది. "ఆకాశం మబ్బు. ఇరవై రెండు డిగ్రీలు. తినడం మానేసి రెండో రోజు. ఒళ్ళు చెమ్చాలో బెల్లం నీళ్ళలా లేత పసుపుగా ఉంది. పొద్దున ఐదూ నలభైకి మొదటి దారం వచ్చింది. డబ్బా మూల నుంచి మూలకి తల తిప్పింది. దారం చాలా సన్నం. వెలుతురుకి అడ్డంగా పెడితేనే కనబడుతుంది." దిద్దడానికి ఒక్క తప్పు లేదు. మిజుయె ఎర్ర పెన్సిలు తీసుకుని, చాలా బాగుంటేనే వేసే ఎర్ర పువ్వుని ఆ కార్డు మీద వేసింది, రేకులు రేకులుగా. వేశాక కార్డు పైన తేదీ కనబడింది, జూలై ఐదు.

పువ్వుని రబ్బరు పెట్టి చెరిపింది. ఎర్ర పెన్సిలు అంత తేలిగ్గా చెరగదు. కాగితం నలిగింది, గులాబీ మరక మిగిలింది.

అప్పుడైనా ఆవిడకి అంతా తెలిసొచ్చిందా అంటే రాలేదు. పాపం, తల్లి పోయిన రోజు కూడా కార్డు రాసిందే అని ఏడ్చింది, అంతవరకే. తను ఏం కాల్పించిందో ఇంకా తట్టలేదు. సుజునో కార్డులు జూలై ఇరవై రెండు దాకా వచ్చాయి. గూట్లోంచి తెల్లటి సీతాకోకచిలుక వచ్చింది, గుడ్లు పెట్టింది, చచ్చిపోయింది. మొత్తం ముప్పైతొమ్మిది. మిజుయె వాటికి రంధ్రాలు పొడిచి, తాడు కట్టి, అట్ట వేసి అక్టోబరు ప్రదర్శనకి పంపింది. బహుమతిగా దాని మీద బంగారు కాగితం అంటించారు.

ప్రదర్శన ఆఖరి రోజున తకెజో వచ్చాడు. పనిరోజున దుకాణం మూసి, పెళ్ళికి కట్టుకునే కోటు వేసుకుని వచ్చాడు. కూతురి పుస్తకం ఉన్న బల్ల ముందు నిలబడి మొదటి కార్డు తిప్పాడు. చాపల సూది తోసి తోసి మొద్దుబారిన వేళ్ళకి కాగితం అంచు దొరకడం లేదు. నెమ్మదిగా ఆఖరిదాకా చదివాడు. మళ్ళీ మొదటికొచ్చాడు. దూరం నుంచి చూస్తున్న మిజుయె, సంతోషపడుతున్నాడనుకుని దగ్గరికెళ్ళింది.

"చాలా బాగా రాసిందండి మీ అమ్మాయి."

"తమరి దయండి," తకెజో వంగి దణ్ణం పెట్టాడు. పుస్తకం చూపించి, "ఇది మొత్తమేనాండి?" అన్నాడు.

"మొత్తమేనండి. ముప్పైతొమ్మిది."

"అహా. ఏం లేదండి. మా ఆవిడ మాట ఎక్కడైనా ఉంటుందేమోనని."

తకెజో మళ్ళీ మొదటి కార్డు తిప్పాడు.

"ఆ డబ్బా ఆవిడ తలగడ పక్కనే ఉండేదండి. ఆ గది చల్లగా ఉంటుందని అక్కడ పెట్టుకున్నారు. పొద్దస్తమానం ఇద్దరూ పురుగుని పెట్టుకుని కబుర్లే కబుర్లు. నాకు దుకాణంలోకి నవ్వులు వినబడేవండి, మాటలు వినబడేవి కాదు. నేను లోపలికెళ్తే ఎక్కడ మొహంలో కనిపెట్టేస్తుందోనని వెళ్ళేవాణ్ణి కాదు. పిరికివాణ్ణండి. పోన్లే, పిల్ల రోజూ రాస్తోంది కదా, అన్నీ అందులో ఉంటాయి, తర్వాత చదువుకుందాం అనుకున్నా." పుస్తకం మూసి, అట్ట మీద అరచెయ్యి పెట్టాడు. "అలా అనుకునే ఊరుకున్నానండి."

మిజుయె అబద్ధం చెప్పి ఉండొచ్చు. పిల్లలు అలాగే రాస్తారండీ అంటే, ఆయన నమ్మి వెళ్ళిపోయేవాడు. అలా అనలేదు, ఆ ఒక్కదానికీ ఆవిణ్ణి మెచ్చుకోవాలి.

"రాసిందండి," అంది. "మొదటి తొమ్మిదింట్లోనూ రాసింది. నేనే కొట్టేశాను. కాల్పించేశాను."

తకెజో అరవలేదు. చెంప పగలగొట్టినా బాగుండేదని ఆవిడ తర్వాత చాలాసార్లు అనుకుంది. అతను కాసేపు బంగారు కాగితం వైపు చూసి, "అలాగాండి," అన్నాడు. "పురుగు పాఠం కదండి. మీరేం చేస్తారు. ప్రైజు వచ్చింది, సంతోషం." మళ్ళీ వంగి దణ్ణం పెట్టి వెళ్ళిపోయాడు.

రాసిన పిల్ల కాక ఆ వాక్యాల్ని చదివిన మనిషి లోకంలో ఇంకొకరు ఉన్నారంటే అది మిజుయె ఒక్కతే. ఆదివారం పొద్దున్నే తెల్లకాగితం ముందు పెట్టుకుని కూర్చుంది, గుర్తుచేసుకుందామని. తొమ్మిది కార్డులు, కార్డుకి మూడో నాలుగో వాక్యాలు. ముప్పై దాకా ఉండాలి. మధ్యాహ్నం దాటినా అన్నం ముట్టలేదు. వచ్చినవి నాలుగు.

పురుగుకి అమ్మ పొట్టోడు అని పేరు పెట్టింది.

అమ్మ చెయ్యి వణికితే ఆకు ముక్కలు వంకరగా వచ్చాయి, పొట్టోడు వంకర ముక్కే ముందు తిన్నాడు.

నాకంటే వీడే బాగా తింటున్నాడే అని అమ్మ నవ్వింది.

నాలుగోది సగమే. "పొట్టోడు గూడు కట్టే రోజుకి అమ్మ నాతో" వరకే. ఆ తర్వాత ఏముందో ఆవిడకి తెలియదు. మరిచిపోవడం కాదు, చదవలేదు. 'అమ్మ' అనే పదం కనబడగానే అక్కణ్ణుంచి గీత గీసేసింది. మిగతా వాక్యాలన్నీ కూడా అలాగే పోయాయి. ఇరవై ఏళ్ళ నుంచీ పిల్లలకి చూడటం నేర్పుతున్న మనిషి, కళ్ళ ముందు పెట్టిన కాగితాన్ని చూడకుండానే కొట్టేసింది. ఆవిడ ఆ బల్ల మీద తల పెట్టుకుని పెద్దగా ఏడ్చింది.

సాయంత్రం ఆ కాగితం మడిచి పట్టుకుని తకెజో దుకాణానికి వెళ్ళింది. అతను చాప అంచు కుడుతున్నాడు. సూది పక్కన పెట్టి, చేతులు తుడుచుకుని, రెండు చేతులతోనూ అందుకున్నాడు. చదువుతుంటే మూడో వాక్యం దగ్గర అతని మొహంలో నవ్వొచ్చింది.

"అంటుందండి. అచ్చం ఇలాగే అంటుంది. తిండి దగ్గర నన్ను కూడా ఇలాగే ఎత్తిపొడిచేది." కళ్ళు తుడుచుకుని కిందికి చదివాడు. "ఇది సగంలో ఉందేంటండి?"

"మిగతాది నాకు తెలియదండి. క్షమించండి."

తకెజో ఆ సగం వాక్యాన్ని రెండు మూడుసార్లు పెదాలతో చదువుకున్నాడు. తర్వాత లోపలికి కేకేశాడు.

"సుజునో! ఒకసారి ఇలా రా తల్లీ."

సుజునో వచ్చింది. టీచర్ని చూసి చటుక్కున నిటారుగా నిలబడి దణ్ణం పెట్టింది.

"పొట్టోడు గూడు కట్టే రోజుకి, అని అమ్మ నీతో ఏదో అందటమ్మా. నువ్వు రాశావట. ఏమంది?"

సుజునో నొసలు ముడిచి ఆలోచించింది. "గుర్తులేదు నాన్నా. అది కొట్టేసినది కదా."

"కొంచెం ఆలోచించమ్మా."

"ఆలోచిస్తున్నా. రావడం లేదు."

"పోనీలే." తకెజో అడగాలా వద్దా అని ఆగాడు. "ఆ పొద్దున, నేను డాక్టరు కోసం సైకిలు మీద పరిగెత్తానే, అప్పుడు గదిలో నువ్వే ఉన్నావు కదా. అమ్మ ఏమైనా అందా?"

"పిలిచింది."

"ఏమని?"

"సుజునో, అని. రెండుసార్లు పిలిచింది. తర్వాత ఇంకేదో కూడా అంది, చిన్నగా."

"ఏమందమ్మా?"

"వినలేదు నాన్నా. అప్పుడే మొదటి దారం వస్తోంది." ఆ మాట తండ్రితోనే అన్నా, పిల్ల చూస్తున్నది మిజుయె వైపు. తరగతిలో జవాబు చెప్పి, సరిగ్గా చెప్పానా అని చూసినట్టే చూస్తోంది. "నేను ఇంకెటూ చూడలేదు టీచర్."